కోడిపిల్లల పెంపకము: వెచ్చని గూడు, పొడి పరుపు

గ్రామములందు కోళ్లను పెంచు రైతులు తరచుగా చెప్పుకొను కష్టమొకటి గలదు. ఏబది పిల్లలను వెల యిచ్చి తెచ్చి, రాత్రి గంప క్రింద కప్పి పరుండగా, తెల్లవారునప్పటికి పది పండ్రెండు పిల్లలు ఒక మూల నొకదానిపై నొకటి పడి చచ్చియుండును. మిగిలినవి చక్కగనే తిరుగుచుండును. మరునాటి రాత్రి మరికొన్ని పోవును. రైతు దానిని తెగులని యెంచును. ఇంటివారు దిష్టి తగిలినదందురు. పిల్లల నమ్మినవాడు మోసగించెనని మరికొంద రందురు. కాని పెక్కు తావుల నీ చావునకు కారణము ఈ మూడింటిలో నేదియు గాదు. తెల్లవారుజామున గూడు చల్లబడినది. పిల్లలు వెచ్చదనము కొరకు ఒకదాని క్రింద నొకటి దూరినవి. అడుగున బడినవి ఊపిరాడక చచ్చినవి. జరిగిన దింతియే.

ఇట్టి నష్టము దైవికము గాదు, రైతు తప్పింపగలిగినదే. అందులకు విశేష ధనము గాని గొప్ప కట్టడము గాని యక్కరలేదు. మొదటి నాలుగు వారములు పిల్లలకు వెచ్చని తావును, తడిలేని పరుపును ఏర్పరచి, వాని నడతను కనిపెట్టి చూచుచుండిన చాలును. ఆ విధానము రైతుల యుపయోగార్థ మిచ్చట వివరింపబడుచున్నది.

1. తల్లికోడి చేయు పని

కోడిగ్రుడ్డు 21 దినములు పొదుగబడిన పిమ్మట పిల్ల బయలువెడలును. పెద్దకోడి దేహము యొక్క వేడి సుమారు 106 డిగ్రీలు (ఫారన్‌హీటు) ఉండును. అప్పుడే పుట్టిన పిల్ల యీ వేడిని తనంతట తాను నిలుపుకొనజాలదు. దాని యొంటి మీద నుండునది ఈక గాదు, నూగు మాత్రమే. నూగు తడిసినచో నేమాత్రము వేడిని నిలుపదు. ఈకలు వచ్చి దేహము తన వేడిని తాను కాపాడుకొనుటకు మూడు నాలుగు వారములు పట్టును. అంతవరకు తల్లి రెక్కల క్రింద దూరి పిల్ల బ్రతుకును.

నాటుకోడి పది పండ్రెండు పిల్లలను చక్కగ సాకగలదు. కాని నేడు రైతులు తెచ్చుకొను వనరాజ, గ్రామప్రియ మొదలగు పెరటికోళ్ల జాతుల పిల్లలు యంత్రములందు పొదుగబడినవి. హైదరాబాదు రాజేంద్రనగరమునందలి కోళ్ల పరిశోధనా సంస్థ రూపొందించిన యీ జాతులు పెరటియందు పెరుగుటకు మిక్కిలి యనుకూలమైనవే యైనను, వాని పిల్లలు తల్లి నెరుగవు. కావున తల్లి చేయవలసిన పని యంతయు రైతే చేయవలసియున్నది. తల్లికి బదులుగా నేర్పరచు వెచ్చని గూటినే బ్రూడరు అందురు.

తల్లికోడిని కొంతసేపు కనిపెట్టి చూచినచో బ్రూడరు ఎట్లుండవలెనో తెలియగలదు. పిల్లలు చలివేసినప్పుడు రెక్కల క్రిందికి పోవును. వెచ్చబడిన పిమ్మట బయటికి వచ్చి మేసి, నీరు త్రాగి, మరల లోపలికి పోవును. తల్లి యొక్క వేడి ఒక్కచోటనే యుండును. చుట్టు ప్రక్కల చల్లగ నుండును. ఎప్పుడు లోపలికి పోవలెనో ఎప్పుడు బయటికి రావలెనో పిల్లయే నిర్ణయించుకొనును. గూడంతయు నొకే తీరున కాచుట పెద్ద పొరపాటు. గూటిలో వెచ్చని తావొకటియు, చల్లని తావొకటియు నుండవలెను.

2. పెరటిలో గూడు కట్టు విధము

ఏబది పిల్లలకు రెండు భాగములు గల గూడు చాలును. మొదటిది నాలుగడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు గల మూసిన గది. ఇది రాత్రి వెచ్చగ నుండుటకు. రెండవది దానికి ఆనుకొని ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు గల జాలీ వసారా. ఇది పగలు తిరుగుటకు. నాలుగవ వారము వరకు పిల్ల యొక్కింటికి అర చదరపు అడుగు చోటు కావలెను. అటుపిమ్మట ఎనిమిదవ వారము వరకు ఒక చదరపు అడుగు కావలెను. ఇరుకైన గూటిలో పిల్లలు ఒకదాని నొకటి పొడుచుకొనును, పరుపు త్వరగ తడియును.

గూడు ఎత్తైన నేలమీద నుండవలెను. వాననీరు నిలుచు పల్లమునందు కట్టరాదు. గది యొక్క అడుగు నేలకు ఒక అడుగు ఎత్తున బల్లలతో నుండుట మేలు. అట్లు కుదరనిచో రాళ్లు పరచి మట్టితో మెత్తి గట్టి చేయవలెను. గూటి పొడవు తూర్పు పడమరలుగా నుండిన, ఎండ లోపలికి తిన్నగ కొట్టదు. చలిగాలి వచ్చు వైపు మూసియుంచవలెను. కాని పైకప్పు క్రింద నొక అడ్డ సందు తప్పక విడువవలెను. పిల్లల శ్వాసమువలనను రెట్టవలనను పుట్టు తేమ ఆ సందు గుండ బయటికి పోవును. చలికి జడిసి అన్ని సందులు మూయు రైతు, చలికి బదులు తేమతో పిల్లలను చంపుకొనును. గాలి పిల్లల తలపై నుండి పోవలెను గాని, వాని మీద తగులరాదు.

వసారాకు అర అంగుళపు కన్ను గల ఇనుపజాలీ బిగింపవలెను. పెద్దకన్ను జాలీ గుండ పాము దూరును, ముంగిస మూతి పెట్టును. పందికొక్కు అడుగున త్రవ్వుకొని వచ్చును గావున జాలీని నేలలోనికి ఒక అడుగు దించి రాళ్లతో కూర్చవలెను. పైభాగమున గూడ జాలీ యుండనిచో గద్దలు, కాకులు పిల్లల నెత్తుకొనిపోవును. ఒక్క రాత్రి వచ్చిన పిల్లి చేయు నష్టము ఒక తెగులు చేయు నష్టమునకు తీసిపోదు.

3. వెచ్చదనము కలిగించు సాధనములు

విద్యుత్తు గల గ్రామములందు తీగ వెలుగు పాత తరహా బల్బులు సులభ సాధనము. పిల్ల యొక్కింటికి ఒకటి రెండు వాట్ల లెక్కన, ఏబది పిల్లలకు నలుబది వాట్ల బల్బులు రెండు చాలును. ఒకటి మాడిపోయినను రెండవది పనిచేయును గావున, ఒకే పెద్ద బల్బుకంటె చిన్నవి రెండు మేలు. ఎల్.ఇ.డి. దీపములు వెలుగు నిచ్చును గాని పిల్లలకు చాలునంత వేడి నీయవు. ఈ సంగతి తెలియక వాని నమర్చి పిల్లలను పోగొట్టుకొనకుందురు గాక. బల్బులపై తలక్రిందు చేసిన రేకు డబ్బాను గాని వెదురు గంపను గాని గొడుగువలె నమర్చినచో వేడి క్రిందికే ప్రసరించును. గొడుగును పరుపునకు పదునెనిమిది అంగుళముల ఎత్తున వ్రేలాడదీసి, అక్కరను బట్టి ఎత్తుటకు దించుటకు వీలుగ నుంచవలెను. వ్రేలాడదీయుటకు నారతాడు పనికిరాదు. గొలుసు గాని ఇనుపతీగ గాని వాడవలెను. తాడు తెగి బల్బు ఊకపై పడినచో గూడు తగులబడును.

విద్యుత్తు నిలకడగ లేనిచోట కందీలు వెలిగించి రాతిపలక మీద నుంచి, చుట్టును జాలీ కట్టవలెను. ఇట్లు చేయువారు ఒక్క విషయమును మరువరాదు. సాయంకాలము పోసిన నూనె రాత్రి మూడు నాలుగు గంటలకు అయిపోవును. చలి యెక్కువగ నుండు వేళయు అదియే. పీఠికలో చెప్పబడిన చావు లీ గడియలందే సంభవించును. కావున పరుండుటకు ముందు నూనె సరిచూచి, మొదటి వారము రాత్రి రెండు గంటలకు ఒకమారు లేచి చూడవలెను.

బొగ్గుల కుంపటిని మూసిన గదిలో నుంచరాదు. దానినుండి వెలువడు విషవాయువునకు రంగు లేదు, వాసన లేదు. పిల్లలు నిద్రలోనే మరణించును. గదిలో నుండు మనుష్యునికి గూడ ప్రాణాపాయము. కుంపటియే గతియైనచో, బొగ్గులను బయట బాగుగ రగిల్చి, పొగ పోయిన పిమ్మట బూడిద కప్పి, గాలి ధారాళముగ పోవు తావున మాత్రమే యుంచవలెను.

గొడుగు చుట్టును రెండు మూడడుగుల దూరమున అడుగున్నర ఎత్తు గల తడికను గాని అట్టను గాని గుండ్రముగ కట్టవలెను. మొదటి దినములందు పిల్లలు వెచ్చని తావును మరచి దూరముగ పోకుండ నిది కాపాడును. తడిక గుండ్రముగ నుండుట ముఖ్యము. మూలలున్నచోటనే పిల్లలు గుమిగూడి నలిగిపోవును. దినదినము తడికను కొంచెము వెనుకకు జరుపుచు, పదవ దినమునకు తీసివేయవచ్చును.

పరుపునకు రెండంగుళముల పైన, గొడుగు అంచున థర్మామీటరు నుంచి వేడిని చూడవలెను. ఉండవలసిన వేడి యిది:

మొదటి వారము: 95 డిగ్రీలు (సెంటిగ్రేడున 35)
రెండవ వారము: 90 డిగ్రీలు (32)
మూడవ వారము: 85 డిగ్రీలు (29)
నాలుగవ వారము: 80 డిగ్రీలు (27)

ఇట్లు వారమునకు అయిదు డిగ్రీల చొప్పున తగ్గించుచు పోవలెను. తెలంగాణ మండలములందు రోహిణి కార్తెలో పగటి వేడి 104 డిగ్రీలు దాటుట సామాన్యము గావున ఆ కాలమున పగలు దీప మక్కరలేదు. అప్పుడు చలికంటె వడయే శత్రువు. కప్పుపై తడిగోనెలు పరచి నీడ కలిగింపవలెను. శీతకాలమున ఆదిలాబాదు, మెదకు ప్రాంతములందు రాత్రులు మిక్కిలి చల్లగ నుండును గావున అయిదారు వారముల వరకును రాత్రి దీపము అవసరము కావచ్చును.

4. పిల్లల నడతయే కొలబద్ద

థర్మామీటరు లేని రైతు విచారింప నక్కరలేదు. పిల్లలకంటె నమ్మదగిన కొలబద్ద లేదు. రాత్రి పరుండు వేళ దీపము దగ్గర వానిని చూడవలెను.

పిల్లలు దీపము క్రింద గుంపుగ చేరి, సన్నని గొంతుతో ఎడతెగక అరచుచుండిన, వానికి చలి వేయుచున్నది. గొడుగును దింపవలెను, లేక మరియొక దీప ముంచవలెను.

పిల్లలు దీపమునకు దూరముగ తడిక నంటుకొని, రెక్కలు వ్రేలవేసి, నోళ్లు తెరచి రొప్పుచుండిన, వేడి మించినది. గొడుగు నెత్తవలెను.

అన్నియు నొకే ప్రక్కకు చేరినచో, రెండవ ప్రక్కనుండి గాలి కొట్టుచున్నదని తెలిసికొని ఆ సందు మూయవలెను.

గొడుగు చుట్టును సమముగ వ్యాపించి, కొన్ని మేయుచు, కొన్ని కాళ్లు చాచి నిదురించుచు, మెల్లగ కిచకిచలాడుచుండిన, అంతయు సరిగ నున్నది. రైతు నిశ్చింతగ పరుండవచ్చును.

తెల్లవారి చచ్చిన పిల్లలు కనబడినచో అవి యెక్కడ పడియున్నవో చూడవలెను. ఒకేచోట కుప్పగ, నలిగి, చెమ్మగిలి యుండిన అది చలివలన కలిగిన చావు. అక్కడ నొకటి యిక్కడ నొకటిగ పడియుండి, మిగిలినవి గూడ మేత మాని మునగదీసికొనియుండిన, తెగులని యనుమానించి పశువైద్యునికి చూపవలెను. ఈ భేద మెరుగనివారు చలికి మందులు కొని ధనము వ్యర్థపరచుదురు.

పిల్ల ముడ్డికి రెట్ట అంటుకొని గట్టిపడుట గూడ చలివలనగాని మిక్కుటమైన వేడివలనగాని తరచుగ కలుగును. గోరువెచ్చని నీటితో తడిపి మెల్లగ తుడిచి, ఆరిన పిమ్మట గూటిలో విడువవలెను. పెరికివేయరాదు.

5. పరుపు

పరుపునకు పనులు రెండు. క్రిందినుండి వచ్చు చలిని అడ్డగించుట మొదటిది. రెట్టలోని తడిని పీల్చుకొనుట రెండవది. ఈ రెండు పనులకు వరి ఊక (ఉనుక) మన రైతులకు సులభముగ దొరకు వస్తువు. రెండు మూడంగుళముల మందమున పరచవలెను. వేరుశనగ పొట్టు, రంపపు పొట్టు, చిన్నముక్కలుగ తరిగిన ఎండుగడ్డి గూడ పనికివచ్చును. మెత్తని రంపపు పొట్టు దుమ్ము లేపును, పిల్లలు దానిని మేత యనుకొని తినును. కావున ముతకదే వాడవలెను.

బూజుపట్టిన పొట్టును గాని గడ్డిని గాని ఎంత చౌకగ దొరకినను వాడరాదు. బూజు ధూళి పిల్లల ఊపిరితిత్తులలో చేరి మొలకెత్తును. పిల్లలు నోరు తెరచి ఎగరోజుచు చచ్చును. దానికి తగిన మందు లేదు. కొత్త ఊకనైనను ఒక దినము ఎండలో నారబోసి, చల్లారిన పిమ్మట పరచుట మంచిది.

మొదటి మూడు దినములు ఊకపై గరుకు కాగితము గాని పలుచని గోనె గాని పరచి, దానిపై మేత చల్లవలెను. నున్నని కాగితము పనికిరాదు. దానిపై పిల్లల కాళ్లు జారి, ఎడమై, జన్మమంతయు కుంటివగును. నాలుగవ దినమున కాగితమును తీసివేయవచ్చును.

పరుపును దినమున కొకమారు చేతితో గాని చిన్న పారతో గాని కలియదిప్పవలెను. దాని స్థితిని తెలిసికొనుట కొక సులభమైన పరీక్ష గలదు. పిడికెడు ఊకను తీసి గట్టిగ నొత్తి విడువవలెను. ముద్దగ నిలిచినచో తడి మించినది. మెల్లగ విడిపోయిన సరిగ నున్నది. దుమ్ముగ ఎగిరిన మిక్కిలి ఎండినది. తడిసిన భాగమును వెంటనే ఎత్తివైచి పొడి ఊక నుంచవలెను. కొద్దిగ చల్లారిన సున్నపు పొడి కలిపిన తేమ తగ్గును. గూటిలో వంగి చూచినప్పుడు కన్నులు మండినచో, మన కన్నులకంటె నేలకు దగ్గరగ నుండు పిల్లల కన్నులు ఇంకను మండుచున్నవని గ్రహింపవలెను.

పరుపును పొడిగ నుంచుటకు మరియొక బలవత్తరమైన హేతువు గలదు. మూడు వారముల ప్రాయము మొదలు పిల్లలకు రక్తపారుడు తెగులు వచ్చును. రెట్టలో నెత్తురు కనబడును. ఈ తెగులును కలిగించు సూక్ష్మజీవి యొక్క బీజములు రెట్టతో వెలువడినప్పుడు హాని చేయు స్థితిలో నుండవు. తేమయు వెచ్చదనమును దొరకినచో ఒకటి రెండు దినములలో ముదిరి, పిల్లలు ముక్కుతో పొడిచి తిన్నప్పుడు తెగులు కలిగించును. గూటికి వెచ్చదనము తప్పదు. తేమ లేకుండ జేయుటయే రైతు చేయగలిగిన పని. నీటిపాత్ర చుట్టు నుండు తడి ఊకయే యీ తెగులునకు పుట్టినిల్లు. కావున నీటిపాత్రను ఇటుక మీద గాని జాలీ పీట మీద గాని యుంచవలెను.

6. నీరు, మేత

గ్రుడ్డులోని పచ్చసొన మిగిలినది పుట్టుటకు ముందు పిల్ల కడుపులోనికి చేరును. దాని బలమున రెండు మూడు దినములు మేత లేకయే పిల్ల బ్రతుకగలదు. పిల్లలను దూరమునుండి తెప్పించుకొనుటకు వీలగుట యిందువలననే. ఐనను గూటికి చేరగనే ఆలస్యము చేయక మొదట నీరును, పిమ్మట మేతను ఈయవలెను. ప్రయాణపు బడలిక తీరుటకు మొదటి నీటిలో కొంచెము బెల్లము కరగింపవచ్చును. ప్రతి పిల్ల ముక్కును ఒకమారు నీటిలో ముంచి చూపినచో త్రాగుట నేర్చుకొనును. పాత్ర లోతుగ నుండరాదు. లోతుపాత్రలో గులకరాళ్లు వేసినచో పిల్లలు మునుగవు, తడియవు. నీటిపాత్రను దినమునకు రెండుమార్లు కడుగవలెను.

మొదటి రెండు దినములు మొక్కజొన్న నూక చల్లవచ్చును. పిమ్మట మాంసకృత్తులు నూటికి ఇరువది పాళ్లకు తగ్గని పిల్లల దాణా నీయవలెను. గింజలు మాత్రమే తినిన పిల్లలు ఎదుగవు, ఈకలు ఆలస్యముగ వచ్చును. ఈకలు ఆలస్యమైన కొలది దీపపు ఖర్చు పెరుగును. గ్రుడ్లు పెట్టు కోళ్లకై చేసిన దాణా పిల్లలకు పెట్టరాదు. అందులో సున్నపుపాలు ఎక్కువగ నుండి పిల్లల మూత్రపిండములను చెరచును.

ఇంట దాణా కలుపుకొనువారు వేరుశనగ చెక్క విషయమై జాగరూకులై యుండవలెను. 1960వ సంవత్సరమున ఇంగ్లండు దేశమందు లక్షకు పైగా టర్కీకోళ్లు కొలది మాసములలో మరణించెను. విచారింపగా, బూజుపట్టిన వేరుశనగ పిండియందలి విషమే కారణమని తేలెను. తడిసిన చెక్కను ఎండబెట్టి వాడినను ఆ విషము పోదు. దానిని పారవేయుటయే లాభము.

7. ఆరుబయటికి విడుచుట

రెండవ వారము ముగిసిన పిమ్మట, ఎండ కాయుచు గాలిలేని దినములలో, ఉదయము పది గంటలు మొదలు మధ్యాహ్నము మూడు గంటల వరకు పిల్లలను జాలీ వసారాలోనికి విడువవచ్చును. మొదటి దినము అరగంట చాలును. వెచ్చని గదికి ద్వారము తెరచియే యుంచవలెను. చలివేసిన పిల్ల తానే లోపలికి పోవుటకు వీలుండవలెను. ద్వారము వద్ద మెట్టు ఎత్తుగ నున్నచో చిన్నపిల్లలు ఎక్కలేక బయటనే యుండిపోవును గావున బల్లను వాలుగ నుంచవలెను. సాయంకాలము ఎన్ని పిల్లలు లోపలికి వచ్చినవో లెక్కింపవలెను.

నాలుగవ వారమునుండి పగలంతయు బయట నుంచి, రాత్రి మాత్రమే గదిలో మూయవచ్చును. అప్పటినుండి దీపమును క్రమముగ తగ్గించుచు, వీపుపైనను రొమ్ముపైనను ఈకలు నిండిన పిమ్మట మానివేయవలెను. ఒక్కసారిగ మానరాదు. మృగశిర కార్తె మొదలు వానలలో నేల తడిగ నున్న దినమున పిల్లలను బయట విడువరాదు. తడిసిన పిల్లను గుడ్డతో తుడిచి వెంటనే దీపము వద్ద నుంచవలెను. వీలైనచో వసారాను కదల్చుటకు వీలుగ చేసి, వారమున కొకమారు కొత్త నేలమీదికి మార్చవలెను. పెద్దకోళ్లు తిరిగిన నేలపై పిల్లలను విడుచుట తెగుళ్లను కోరి తెచ్చుకొనుటయే.

8. టీకాలు

ఎంత వెచ్చగ, ఎంత పొడిగ నుంచినను కొక్కెర తెగులును టీకా లేక ఆపుట సాధ్యము గాదు. 1927వ సంవత్సరమున కుమావూ కొండలయందలి రాణీఖేతులో నీ తెగులు మన దేశమందు గుర్తింపబడినందున దీనికి రాణీఖేతు తెగులని పేరు వచ్చెను. అయిదవ దినము మొదలు ఏడవ దినములోపల కంటిలో గాని ముక్కులో గాని ఒక చుక్క టీకామందు వేయింపవలెను. నాలుగవ వారమున మరియొకమారును, ఎనిమిదవ వారమున సూదిమందుగను వేయింపవలెను. పిల్లలను కొనునప్పుడు మారెక్సు తెగులునకు మొదటి దినపు టీకా వేయబడినదా యని అడిగి తెలిసికొనవలెను. టీకామందును మంచులో నుంచి తేవలెను. ఎండలో తెచ్చిన మందు నీటితో సమానము. గంబోరో, మశూచి మొదలగు తెగుళ్ల టీకాలకు పశువైద్యుని సలహా పొందవలెను.

జ్ఞాపకముంచుకొనవలసినవి

ఒకటి. గూటిలో వెచ్చని తావును చల్లని తావును రెండును ఉండవలెను.

రెండు. పరుండుటకు ముందు పిల్లలను చూచి వేడిని సరిచేయవలెను. తెల్లవారుజామున దీపము ఆరకుండ చూడవలెను.

మూడు. పరుపు పిడికిట ముద్ద కాకూడదు. బూజు వాసన రాకూడదు.

నాలుగు. మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టరాదు.

అయిదు. పిల్లల లెక్కను దినదినము వ్రాసికొనవలెను. ఎన్ని చచ్చెను, ఎక్కడ చచ్చెను, ఆ రాత్రి దీప మెట్లుండెను అను మూడు సంగతులు వ్రాసికొను రైతు ఒక్క ఏటిలోనే తన గూటి లోపమును తానే కనుగొనగలడు.

పెరటికోళ్ల రాబడి పెక్కు గృహములందు ఇల్లాండ్ర చేతిఖర్చునకును, పిల్లల చదువు సామగ్రికిని ఆధారము. ఏబదింటిలో ఇరువది చచ్చిన పిమ్మట మిగిలిన ముప్పదియు ఆ చచ్చినవాని వెలను గూడ మోయవలసియుండును. మొదటి నెల పడిన శ్రమ ఆ భారమును తప్పించును. అటుపిమ్మట పెరటికోడి తన మేతలో చాల భాగము తానే వెదకికొని, రైతు నంతగ శ్రమపెట్టదు.